వెనక మెత్తల జోలికి పోకండి

పొద్దున షాపుకి వెళ్తూ ఆవిడ స్పష్టంగానే చెప్పింది. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, సంచీ భుజానికి తగిలించుకుని, గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది.

"పడవలో ముందు మెత్తలు పాడైపోయాయండీ. పీకేసి కొత్తవి అతికించండి. కోసి వరండాలో పెట్టాను. వెనకవి బానే ఉన్నాయి, వాటి జోలికి పోకండి."

"సరే," అన్నాడు డ్రైవరు.

"రేపు ఎండెక్కక ముందే వెళ్దాం. మనిద్దరం."

"సరే."

ఆ రెండు సరేలూ అనేసి, గేటు చప్పుడయ్యేదాకా ఆగి, అప్పుడు మొహం మాడ్చుకున్నాడు మహానుభావుడు. వెనకవి ఎందుకు ముట్టుకోకూడదని అక్కడికక్కడే అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా? అడగడు. రోజంతా సిటీ బస్సు నడుపుతూ, తలుపు దగ్గర వేలాడే ప్రతి వాణ్ణీ లోపలికి రమ్మని కేకలేసే మనిషికి, ఇంట్లో పెళ్ళాన్ని ఒక్క మాట అడగాలంటే మాత్రం నాలుక మడతపడిపోతుంది.

అతని బాధేమిటో ముందే చెప్పేస్తే మంచిది. ఆ పడవ మాస్టారిది. మాస్టారంటే ఆవిడ మొదటి భర్త. ఈత నేర్పేవాడు. ఊళ్ళో సగం మంది ఆయన ఈల శబ్దానికి నీళ్ళలో దూకినవాళ్ళే. జబ్బు చేసి పోయాడు. ఆయన పోయాక ఆవిడ బట్టలు సరిచేసే దుకాణం నడుపుకుంటూ ఉంటే, మన డ్రైవరు యూనిఫాం ప్యాంటు నడుము వదులు చేయించుకోవడానికి వెళ్ళాడు. ఆ తర్వాత వదులు అక్కర్లేని ప్యాంట్లు కూడా పట్టుకెళ్ళాడు. చివరికి ఆవిడే విసిగిపోయి, "ఇంక మీ ఇంట్లో ప్యాంట్లేమీ మిగల్లేదా?" అని అడిగితే, మిగల్లేదని ఒప్పుకున్నాడు. పోయినేడు పెళ్ళి చేసుకున్నారు.

పెళ్ళయింది, కాపురం బాగానే ఉంది. కానీ ముందుగదిలో గోడ మీద మాస్టారు ఉన్నాడు. వెడల్పాటి భుజాలు, మెడలో ఈల, ఫోటోలోంచి కూడా ఎవరినో నీళ్ళలోకి దూకమన్నట్టుండే నవ్వు. ఆయన గురించి అతను అడగడు, ఆమె చెప్పదు. ఎదుటి మనిషిని కష్టపెట్టకూడదని ఇద్దరూ నోరు కుట్టేసుకున్నారు. ఇలాంటి మంచితనం ఎంత పని చేస్తుందో ఇప్పుడు చూస్తారు.

పెరట్లో గోడవారన, టార్పాలిన్ కింద, రెండు చెక్క బల్లల మీద ఉండేది ఆ పడవ. సన్నగా, పొడుగ్గా, రెండు కొసలూ కోసుగా ఉన్న ఆకుపచ్చ ఫైబర్ పడవ. ఇద్దరు మనుషులు అందులో మోకాళ్ళ మీద కూర్చుని తెడ్లు వేస్తారు. ముందు ఒకరు, వెనక ఒకరు. మోకాళ్ళు నొప్పెట్టకుండా అడుగున ఫోమ్ మెత్తలు అతికించి ఉంటాయి, మనిషికి రెండేసి చొప్పున. ముందున్నవాళ్ళు ఊరికే లాగుతారు. పడవని తిప్పేది వెనకున్నవాళ్ళు.

ఇక డ్రైవరు లెక్క చూడండి. పడవని తిప్పేది వెనక మనిషి. మాస్టారంతటివాడు తిప్పకుండా ఊరుకుంటాడా? కాబట్టి వెనక చోటు మాస్టారిది, ముందు చోటు ఆవిడది. ఇప్పుడు ఆవిడేమంది? ముందువి పీకెయ్యమంది, వెనకవాటి జోలికి పోవద్దంది. అంటే తనవి పోయినా ఫరవాలేదు, ఆయనవి మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. రేపు తీసుకెళ్ళేది మొగుణ్ణి, కూర్చోబెట్టేది మాస్టారి మోకాళ్ళ గుంటల్లో.

ఒళ్ళు మండిపోయింది అతనికి.

నెలరోజులుగా వారం సెలవు వచ్చినప్పుడల్లా ఆవిడకి చెప్పకుండా చెరువుకి వెళ్ళి, అద్దె పడవలో వెనక కూర్చుని తిప్పడం నేర్చుకుంటున్నాడు కూడాను. తెడ్డుని పక్కకి నొక్కి పడవ మూతిని మళ్ళించడం చచ్చీ చెడీ వంటబట్టింది. రెండుసార్లు నీళ్ళలో పడ్డాడు. కాపలావాడు గట్టు మీద నుంచి, "మాస్టారి పడవ ఎప్పుడు తెస్తున్నారు సార్?" అని అడిగేవాడు. మాస్టారి పడవ. పక్కింటావిడా అదే మాట, పాలు పోసేవాడూ అదే మాట. ఆ పడవలో తనకంటూ జానెడు చోటు కావాలని అతని కోరిక. మాస్టారు ఖాళీ చేసిన చోటు కాదు, తనది. అంతకుమించి ఏమీ అడగలేదు పాపం. నిజానికి అది కూడా అడగలేదనుకోండి, అదే కదా గొడవ.

కుర్చీలో కూర్చున్నాడు. కుడికాలు యాక్సిలరేటరో బ్రేకో తెలియకుండా ఊగడం మొదలుపెట్టింది. లేచాడు. టీ పెట్టుకున్నాడు, సగం తాగి సింకులో పారబోశాడు. పెరట్లోకి వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, ఫోటో ముందు ఆగి, ఆయన్ని కాసేపు చూసి, "నవ్వండి, నవ్వండి," అన్నాడు.

తర్వాత వీధి చివర రంగుల షాపుకి వెళ్ళాడు. ఆ షాపు ఆవిడ తమ్ముడిది. బావమరిది కాబట్టి వేళాకోళానికి లోటుండదు.

"ఏంటి బావా, సెలవు రోజు కూడా బస్సు తప్పిపోయినవాడిలా ఉన్నావు?"

"ఫైబరు మీద పాత బంక పోవాలంటే ఏం వాడాలి?"

"థిన్నరు ఇస్తాను. కానీ గుడ్డకి పట్టించి తుడవాలి, ఎడాపెడా పొయ్యకు. పైపూత మెత్తబడిపోతుంది. ముందు వేడి చూపించు, అక్క హెయిర్ డ్రయ్యర్ ఉంటుందిగా. మెత్తబడ్డాక ప్లాస్టిక్ ముక్కతో గోకు. చాకు పెట్టావంటే గీతలు పడతాయి. ఇంకా జిడ్డు మిగిలితే వంటనూనె రాసి నాననివ్వు. ఆఖర్న సబ్బునీళ్ళతో కడిగెయ్. పాత బంక మీద కొత్త బంక నిలవదు బావా, నున్నగా వచ్చేదాకా గోకాల్సిందే."

"అన్నీ గోకేస్తాను."

"అన్నీ ఏంటి? ముందువే కదా మార్చాలంది అక్క?"

డ్రైవరు థిన్నరు డబ్బా అందుకున్నాడు. "చూద్దాం," అన్నాడు.

"చూడ్డానికేం లేదు. పడవ విషయంలో అక్క ఎలా చెప్తే అలా చెయ్. లేకపోతే ఇద్దరం అయిపోతాం."

ఇక్కడైనా ఆగి, ఎందుకురా అని అడిగి ఉండాల్సింది. థిన్నరు డబ్బా, కొత్త బంక డబ్బా చంకలో పెట్టుకుని వచ్చేశాడు.

మొదట ముందు మెత్తల దగ్గర కూర్చున్నాడు. నిజంగానే పాడైపోయి ఉన్నాయి. అంచులు లేచి, ఫోము పసుపుపచ్చగా మారి, అక్కడక్కడా పొడి రాలుతోంది. కానీ మధ్యలో రెండు గుంటలు మిగిలే ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఎవరో మోకాళ్ళు ఆనించిన గుంటలు. డ్రైవరు అరచెయ్యి అందులో పెట్టి చూశాడు. ఆవిడ తనకి తెలియని రోజుల్లో, తనకి తెలియని నీళ్ళ మీద, ఇక్కడే కూర్చుని తెడ్డు వేసి ఉంటుంది. వీటినా పీకి పారెయ్యమంటుంది? పీకబుద్ధి కాలేదు. లేచిన అంచుల కింద పాత బంకని గోటితో మెల్లగా గీకి, తుడిచి, కొత్త బంక రాసి, ఆరనిచ్చి, అదిమి, పైన ఇటుకలు పెట్టాడు. పసిపిల్లకి దుప్పటి కప్పినట్టు చేశాడు ఆ పనంతా.

అప్పుడు వెనక్కి తిరిగాడు.

వెనక మెత్తలు చెక్కుచెదరలేదు. నల్లగా, బిగుతుగా, ఉడుంపట్టు పట్టుకుని ఉన్నాయి. వాటి నిగనిగ చూస్తే మరింత మండింది. డ్రయ్యర్ తెచ్చి ఒక మూల వేడిచేసి, వేళ్ళు దూర్చి లాగాడు. సగం చినిగి చేతికొచ్చింది, సగం అడుగునే ఉండిపోయింది. రెండోది ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇంక వెనక్కి పోయే దారి లేదు.

మెత్త ఊడటం సులువే. బంక ఉంది చూశారూ, అది అసలు సంగతి. గోధుమరంగులో, మందంగా, పైన ఫోము నూగుతో, పట్టిన పట్టు వదలనంటుంది. గడువు తీరిన ఏటీఎం కార్డుతో గోకితే కార్డుకి అంటుకుంటుంది, కార్డు వదిలించబోతే వేలికి అంటుకుంటుంది, వేలు దులుపుకుంటే చొక్కాకి అంటుకుంటుంది. వేడి చేస్తే తీగలా సాగుతుంది, చల్లారితే రాయవుతుంది. డ్రైవరు వంగి గోకాడు, గొంతుక్కూర్చుని గోకాడు, పడవలో బోర్లా పడుకుని గోకాడు. బొటనవేలితో రుద్ది రుద్ది చిన్న చిన్న ఉండలు చేసి పడేశాడు. ఫోను మోగితే ఎత్తబోయాడు, అది అరచేతికి అతుక్కుంది. డిపో నుంచి ఎవరో రేపు డ్యూటీకి వస్తావా అని అడిగారు. రానని కసిరాడు.

నూనె రాసి నాననిస్తే కాసేపు ఊరుకోవాలి. ఊరుకోవడం అతని వల్ల కాదే. రెండు నిమిషాలకోసారి వచ్చి కార్డుతో పొడిచి చూసి, ఇంకా నానలేదని తిట్టుకుంటూ పెరడంతా చుట్టబెట్టాడు. గేటు దాకా వెళ్ళి వీధిలోకి చూశాడు. ఆవిడ వచ్చేస్తుందేమోనని భయం, రాదేమోనని ఇంకో భయం. వచ్చి చూస్తే ఏమంటుంది? ఏదో ఒకటి అననీ. కనీసం అప్పుడైనా ఆయన మాట బయటికొస్తుంది. ఈ గొంతులో ముల్లు కన్నా అదే నయం అనుకున్నాడు. మరుక్షణం, ఏం పని చేశానురా అనుకుని థిన్నరు గుడ్డ అందుకున్నాడు.

ఎండ గోడ మీదికి ఎక్కేసరికి బంక పోయింది. పూర్తిగా పోయింది. సబ్బునీళ్ళతో కడిగి, పాత తువ్వాలుతో తుడిస్తే అడుగు అద్దంలా వచ్చింది. అక్కడ ఎప్పుడూ ఏదీ అతికించలేదంటే నమ్మాల్సిందే. గీతల్లేవు, మరకల్లేవు, మెత్తలు ఎక్కడుండేవో ఆనవాలు కూడా లేదు.

కొత్త మెత్తలు తెచ్చి పెట్టి, వాటి మీద మోకాళ్ళూనాడు. ఆశ్చర్యం, కొలిచి కోసినట్టు సరిపోయాయి. ఆవిడ మోకాళ్ళకి ఇంత పెద్దవి ఎందుకు కోసిందబ్బా అని పొద్దున ఒకసారి అనుకున్నాడు. కుట్టుపని చేసేవాళ్ళకి నాలుగు వేళ్ళు ఎక్కువ వదలడం అలవాటులే అని సర్దిచెప్పుకున్నాడు. ఇంకొక్కటి కూడా తట్టింది. పీకిన పాత మెత్తలు చిన్నవి, దగ్గర దగ్గరగా ఉండేవి. అంత భుజాలున్న మాస్టారు ఇంత ఇరుకులో ఎలా కూర్చున్నాడో అనుకున్నాడు. అనుకుని వదిలేశాడు. మనసులో ఒకటి గట్టిగా పెట్టుకున్న మనిషికి కళ్ళెదురుగా ఏనుగు నిలబడినా గోడలాగే కనిపిస్తుంది.

అడుగు ఆరగానే బంక రాద్దామని చూస్తూ ఉండగా గేటు చప్పుడైంది. ఆవిడ షాపు తొందరగా కట్టేసి వచ్చింది.

సంచీ అరుగు మీద పెట్టి, మొహం నిండా నవ్వుతో పెరట్లోకి వచ్చింది. మొదట పడవ ముందు భాగం చూసింది. ఇటుకలు చూసింది. తర్వాత వెనక్కి చూసింది. నవ్వు మొహం మీదే ఆగిపోయింది. మెల్లగా నడిచి, కింద కుప్పగా పడున్న నల్ల ఫోము ముక్కల్లోంచి ఒకటి తీసింది.

"నావి పీకేశారేంటండీ?"

డ్రైవరు చేతిలోని బంక డబ్బా కింద పెట్టాడు.

"ఇవి నావి కదా. వద్దన్నాను కదా. పొద్దున చెప్పే వెళ్ళాను."

"నీవా?"

"మరెవరివి?"

"నువ్వు... వెనక కూర్చునేదానివా?"

"వెనక కాక? మాస్టారికి ఈతొచ్చు గానీ పడవ తిప్పడం రాదు. ఎడమకి పొమ్మంటే కుడికి పోయేవాడు. ముందు కూర్చోబెట్టి అన్నేళ్ళూ నేనే నడిపాను." ఆవిడ చేతిలోని ఫోము ముక్కని తిప్పి చూసింది. "ముందువి ఆయనవి. అవి తీసేసి మీకు వెయ్యమన్నాను. మీ ప్యాంట్ల కొలతలు నా దగ్గర ఉన్నాయిగా. మోకాలి చుట్టుకొలత చూసి, మీకని కోశాను అవి."

తల కొట్టేసినంత పనైంది డ్రైవరుకి. అతను అడగకముందే ఆవిడ చోటు చేసిపెట్టింది. కొలిచి, కోసి, వరండాలో పెట్టి, రేపు మనిద్దరం అని కూడా చెప్పింది. అతను మాత్రం ఆవిడ చోటుని ఆనవాల్లేకుండా తుడిచేసి, మాస్టారి చోటుని పసిపిల్లలా చూసుకున్నాడు. ఆ గుంటల్లో అరచెయ్యి పెట్టిన సంగతి గుర్తొచ్చి, ఆ చేతిని ఏం చెయ్యాలో తెలియక ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"అది మాస్టారి చోటనుకున్నాను," అన్నాడు చివరికి. "నువ్వు ముట్టుకోవద్దంటే... ఆయనవి దాచుకుంటున్నావనుకున్నాను. తట్టుకోలేకపోయాను. నాకు కుళ్ళు పుట్టింది. పీకేశాను."

ఆవిడ ఫోము ముక్కని సంచీ పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

డ్రైవరు అక్కడే నిలబడ్డాడు. లోపల బీరువా తలుపు చప్పుడైంది. సర్దుకుని తమ్ముడింటికి పోతోందేమో అనుకున్నాడు. పోనీ వెళ్ళి కాళ్ళ మీద పడదామా అనుకున్నాడు. గుమ్మం దాకా వెళ్ళాడు, లోపల అడుగుపెట్టడానికి ధైర్యం చాలక మళ్ళీ పడవ దగ్గరికి వచ్చాడు. మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళబోతుంటే ఆవిడే ఎదురొచ్చింది. చేతిలో బట్టల మీద గీతలు గీసే సుద్దముక్క ఉంది.

చీర కుచ్చెళ్ళు దోపుకుని, బల్ల మీద కాలేసి, పడవలోకి ఎక్కి, వెనకభాగంలో వట్టి అడుగు మీద మోకాళ్ళూనింది. కొంచెం ముందుకి జరిగింది, వెనక్కి జరిగింది, ఎడమకి ఒరిగింది.

"తెలీడం లేదు," అంది. "ఎక్కడుండేదాన్నో. ఇంత శుభ్రంగా ఎవరు చెయ్యమన్నారండీ మిమ్మల్ని?"

"మీ తమ్ముడు. నున్నగా వచ్చేదాకా గోకాలన్నాడు."

"మరి ముందువాటి మీద ఆ ఇటుకలేంటి?"

"అతికించాను."

"గట్టిగానా?"

"చాలా గట్టిగా. నీవనుకుని."

ఆవిడ అతని మొహం చూసింది, ఇటుకలు చూసింది, మళ్ళీ అతని మొహం చూసింది. నవ్వొచ్చింది. ముందు ఆపుకుంది, తర్వాత ఆగలేదు. పడవ అంచు పట్టుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. కళ్ళ నీళ్ళు వచ్చాయి. నవ్వు ఆగిపోయింది, నీళ్ళు ఆగలేదు. ఆవిడ ఏడవగా అతను చూడటం అదే మొదటిసారి. దగ్గరికి వెళ్ళి, బంక అంటిన చేతులతో ముట్టుకోవచ్చో లేదో తెలియక, పక్కనే నిలబడ్డాడు. ఆవిడే అతని చొక్కా కొస లాక్కుని కళ్ళు తుడుచుకుంది.

"ఇదిగో, పట్టుకోండి," అంది సుద్దముక్క అతని చేతిలో పెట్టి. "నేను కదలకుండా ఉంటాను. చుట్టూ గీయండి."

అతను వంగి ఆవిడ మోకాళ్ళ చుట్టూ గీశాడు. గీత వంకర పోతే తుడిచి మళ్ళీ గీశాడు. "షాపులో ఇంకా ఫోము మిగిలింది, నాకు దాంట్లోంచి కోసుకుంటాలెండి," అంది ఆవిడ. తర్వాత పడవలోనే ముందుకి జరిగి, ఇటుకలు ఒక్కొక్కటే తీసి అతని చేతికి ఇచ్చింది.

"నేను గోకుతాను," అన్నాడు.

"వద్దు. ఇవి నేను తీయాలి."

డ్రయ్యర్ పెట్టి, అంచు మెత్తబడ్డాక, తొందర లేకుండా లేపింది. అతను పొద్దున పెట్టిన బంక నిజంగానే గట్టిది, బాగా సతాయించింది. ఒక గుంటలో ఆవిడ కూడా అరచెయ్యి పెట్టి కాసేపు ఉంచింది. డ్రైవరు చూశాడు. పొద్దుటి మంట రాలేదు. దిగులు మాత్రం వచ్చింది, అది ఆ మాస్టారి కోసమే వచ్చింది. మెత్తలు రెండూ ఊడాక ఆవిడ వాటిని కుప్పలో పడెయ్యలేదు, సంచీలో పెట్టుకుంది. అతను కార్డు అందుకుని మిగిలిన బంక గోకడం మొదలుపెట్టాడు. ఆవిడ వేడి చూపిస్తోంది, అతను గోకుతున్నాడు.

"ముందు కూర్చుని ఏం చేసేవారు ఆయన?" అన్నాడు తలెత్తకుండా.

ఈ ఒక్క ప్రశ్నకి ఏడాది పైన పట్టింది.

"వాగేవాడు," అంది. "కొంగ కనిపిస్తే కొంగ, చేప ఎగిరితే చేప. చెయ్యి ఆడేది కాదు, నోరు ఆడేది. ఆ బరువంతా నేనే లాగేదాన్ని." డ్రయ్యర్ ఆపింది. "ఒక్కోసారి మీతో చెప్పాలనిపించేది. మీకు కష్టంగా ఉంటుందని మానేసేదాన్ని."

"కష్టంగానే ఉంటుంది. చెప్పు."

చెప్పింది. బంక పోయేదాకా చెప్పింది. అతను మధ్యలో రెండుసార్లు నవ్వాడు కూడా. వెలుగు ఉండగానే అడుగు శుభ్రమైంది. కొత్త మెత్తలకి బంక రాసి, ముందు చోట అతికించి, రాత్రంతా ఆరాలి అనుకున్నారు. కానీ అతను ఆగలేకపోయాడు. పైన అట్టముక్క వేసి, దాని మీద మోకాళ్ళూని, బల్లల మీదున్న పడవలోనే ముందుచోట కూర్చున్నాడు. ఆవిడ వెనక సుద్దగీతల మధ్య కూర్చుంది.

ఎదురుగా ప్రహరీగోడ ఉంది. చేతిలో స్టీరింగు లేదు, అద్దం లేదు. అతని మెడ దానంతటదే వెనక్కి తిరిగింది.

"వెనక్కి తిరక్కండి. రేపు ఇలా తిరిగారంటే ఇద్దరం నీళ్ళలో ఉంటాం."

"అలవాటు. వెనక ఎవరున్నారో చూసుకోకపోతే నేను బండి కదపలేను."

"నేనే ఉన్నాను," అంది ఆవిడ. "ఇంకెవరూ లేరు."

డ్రైవరు ముందుకి తిరిగాడు.